చేతికందే దూరంలో కణుజు

అమీర్‌పేట కూడలిలో ఈనాడు నిలబడి చూచేవారికి మెట్రో వంతెనలు, శిక్షణ సంస్థల బోర్డులు, హాస్టళ్ల బాల్కనీలలో ఆరవేసిన బట్టలు, పుస్తకాల సంచులతో సాగిపోయే వేలాది యువకులు కనిపిస్తారు. అక్కడి నుంచి పంజాగుట్ట మీదుగా ఖైరతాబాద్ వైపు వెళ్తే ఒక గుట్ట మీద ఎర్రమంజిల్ నిలిచి ఉంటుంది. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన మహలు అది. దానిని కూల్చి ఆ స్థలంలో శాసనసభ భవనం నిర్మించాలన్న ప్రతిపాదనను 2019లో రాష్ట్ర హైకోర్టు కొట్టివేసింది. ఆ మహలు కట్టిన రోజులలో ఇది నగరం కాదు, నగరపు శివారు. దానికి పడమట అంతా బండరాళ్లు, ముళ్లపొదలు, గుట్టలు. ఆనాటి అడవికి మిగిలిన ఆనవాలుగా బంజారా హిల్స్ అంచున కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం ఉన్నది. 1998లో దానికి ఆ హోదా లభించింది. తెల్లవారుజామున అటు నడకకు వెళ్లేవారికి నేటికీ నెమళ్ల కూతలు వినిపిస్తాయి.

అడవి వెనక్కు పోయినా వేట ముచ్చట మాత్రం మన ఇళ్లను విడిచిపోలేదు. ఈ ప్రాంతంలోని కొన్ని పాత ఇళ్ల దివాన్‌ఖానాలలో గోడ మీద కొమ్ముల తల ఇంకా వేలాడుతూనే ఉంటుంది. డిసెంబరు చలి మొదలైతే చాలు, తాతగారి షికారు కథలు బయటికి వస్తాయి. డేరాలు, నెగళ్లు, తుపాకులు, వెన్నెల రాత్రులు, సీకులపై కాల్చిన మాంసం! వినే పిల్లల కళ్లు మెరుస్తాయి. అంతవరకూ ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు. కానీ దాని వెంట మరొక మాట కూడా గుసగుసగా ఇల్లిల్లూ తిరుగుతుంటుంది. “అడవి మాంసం వచ్చింది, జబీహా చేసినదే, కావాలంటే చెప్పండి” అని. తీసుకునేవారు బిస్మిల్లాహ్ చెప్పి కోశారా అని మాత్రమే అడుగుతారు. అడగవలసిన మిగతా ప్రశ్నలు అడగరు.

మా దర్సుకు మగ్రిబ్ తరువాత వచ్చే యువకులలో చాలామంది అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి చదువుకునేవారే. గత శీతాకాలంలో వారిలో ఒకడు వచ్చి, “హజ్రత్, తెలిసినవాళ్లు కొందరు రాత్రి షికారుకు వెళుతున్నారు. అడవిలోనే పడుకుంటారట. వేట హలాలే కదా, నేను కూడా వెళ్లవచ్చా?” అని అడిగాడు. “వద్దు” అన్న ఒక్క మాటతో ఆ ప్రశ్న తీరేది కాదు. చలి రాత్రి అడవిలో గడపాలన్న కోరికలో తప్పేమీ లేదు. అందుకని అటవీశాఖ అనుమతి ఉన్నచోట ఒక రాత్రి గడిపి వద్దామని నేనే వారికి చెప్పాను.

బయలుదేరే ముందు వేట సంగతి కొంత చెప్పుకున్నాము. వేట ఇస్లాంలో హీనమైన పని కాదు. హజ్రత్ ఇస్మాయీల్ (అలైహిస్సలాం) విలుకాడు, వేట మాంసం ఆ ఇంటి ఆహారం. హజ్రత్ హమ్జా (రజి) ఇస్లాం స్వీకరించిన రోజున వేట నుంచి విల్లు భుజాన వేసుకుని తిరిగి వస్తున్నారు. హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి) వేట నియమాలను అడిగి తెలుసుకోవడం వల్లనే ఆ అధ్యాయం ఫిఖ్హ్ గ్రంథాలలో అంత వివరంగా నిలిచింది. అయితే వేట వెంట పడినవాడు ఏమరుపాటులో పడతాడని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు కూడా ఉన్నది. ప్రాణమున్న దానిని గురి చూసే ఆటవస్తువుగా చేయడాన్ని ఆయన (స) గట్టిగా నిషేధించారు. ఆకలి తీర్చుకోవడానికి చేసే వేట ఒకటి, వినోదానికి ప్రాణం తీయడం మరొకటి. ఈ రెండింటి మధ్య గీతను షరీఅత్ మొదటి నుంచీ గీసే ఉంచింది.

మన దక్కనులో ఆ గీత ఎంతవరకు నిలిచిందో చరిత్ర చెబుతుంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ (1866–1911) పులుల వేటకు పేరుపొందిన పాలకుడు. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ వచ్చినప్పుడు వరంగల్ జిల్లా నెక్కొండ సమీపంలో వేట విడిది వేశారు. ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ తీసిన ఆనాటి చిత్రాలు నేటికీ ఉన్నాయి. చచ్చిన పులి పక్కన అతిథులు నిలబడి ఉంటారు. ఆ పులిని ఎవరూ తినరు కదా! ఆ తరువాతి కాలంలో నిజాం వేట భూములు ఒక్కొక్కటే అభయారణ్యాలయ్యాయి. మెదక్ వైపు పోచారం 1952లో ఆ వరుసలో చేరింది. వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి కూడా ఒకనాటి వేట భూమే. ఇప్పుడు అక్కడ కృష్ణజింకలు నిర్భయంగా మేస్తాయి.

మేము వెళ్లినది నల్లమలకు. ఏడుగురు పిల్లలు, నేను, ఒక తుఫాన్ బండి. ముగ్గురు కలిసి ప్రయాణిస్తే ఒకరిని అమీర్‌గా ఎన్నుకోవాలన్న సున్నత్ ప్రకారం వారిలో పెద్దవాడిని అమీర్‌గా చేశాము. నేను కూడా అతని మాటే వినాలన్నది షరతు. ఫజర్ తరువాత పంజాగుట్టలో బయలుదేరి పహాడీ షరీఫ్, తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ, డిండి దాటి మధ్యాహ్నానికి మన్ననూరు చేరాము. సుమారు 140 కిలోమీటర్ల దారి. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం సుమారు 77 కిలోమీటర్లకు మించిన దూరం ఉద్దేశించి ఊరి పొలిమేర దాటినవాడు ముసాఫిర్. కనుక జుహర్, అసర్, ఇషా నమాజులలో నాలుగు రకాతుల ఫర్జ్ రెండుగా చేసుకున్నాము. మగ్రిబ్, ఫజర్ యథాతథం. ఈ వెసులుబాటు అల్లాహ్ తన దాసులకు ఇచ్చిన దానం, దానిని స్వీకరించడమే మర్యాద అని పిల్లలకు చెప్పాను.

మన్ననూరు అమ్రాబాద్ పులుల సంరక్షణ కేంద్రానికి ముఖద్వారం. ఆ అడవి 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉన్నది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు శ్రీశైలం రహదారి మీద వాహనాలను అటవీ గేటు దాటనివ్వరు. రాత్రి వేళ ఆ దారి మృగాలది. ఈ నియమం విన్నప్పుడు నాకొక హదీసు గుర్తుకు వచ్చింది. ప్రయాణంలో రాత్రి విడిది చేసేటప్పుడు దారి మీద దిగవద్దని, రాత్రి వేళ అది జంతువులు, పురుగు పుట్ర తిరిగే చోటని దైవప్రవక్త (స) బోధించారు. గేటు దగ్గర బారికేడు వేస్తున్న ఫారెస్టు గార్డుకు ఆ మాట చెబితే ఆయన సంతోషించాడు.

అడవి లోపల గుడారం వేయడానికి అనుమతి లేదు. అంచున అటవీశాఖవారి మట్టి ఇళ్లలో బస చేశాము. అక్కడ మాకు దారి చూపడానికి వచ్చిన చెంచు పెద్దాయన ద్వారానే కణుజును గురించి ఎక్కువగా తెలిసింది. పట్నంలో మనం సాంబర్ అనే మృగమే కణుజు. మన దేశపు జింక జాతులలో అన్నిటికంటే పెద్దది. మగది భుజం దగ్గర నాలుగడుగులు దాటి, రెండు వందల కిలోలకు పైగా తూగుతుంది. ఒక్కో కొమ్ముకు మూడు కొనలు. ఆ కొమ్ములు రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. పగలు నీడలో పడుకుని రాత్రి మేస్తుంది. నీరంటే ప్రీతి. శీతాకాలంలో మగవి బురదలో పొర్లి, కొమ్ములను చెట్లకు రాస్తూ తిరుగుతాయి. పులికి ముఖ్యమైన ఆహారం ఇదే. కణుజు తగ్గితే పులి ఊళ్ల మీద పడుతుంది. సింహళంలోని ఆంగ్లేయ వేటగాళ్లు దీనినే ‘ఎల్క్’ అని పిలిచేవారు. ఇప్పుడు ఆ పేరు అమెరికాలోని మరో పెద్ద జింకకు చెల్లుతున్నది.

పిల్లలలో ఒకడు కుతూహలంతో, “పెద్దాయనా, కణుజును కొట్టాలంటే ఎక్కడ కాపు వేయాలి?” అని అడిగాడు. ఆయన వాడిని ఎగాదిగా చూసి, “ఎందుకు సారూ? ఇంట్ల బియ్యం లేవా?” అన్నాడు. అందరూ నవ్వారు గానీ అడిగినవాడు నవ్వలేదు. తరతరాలుగా విల్లు, బాణాలతో అడవిని నమ్ముకుని బతికిన జాతి నోటి నుంచి వచ్చిన మాట అది. చెంచుల జీవితాన్ని 1940 ప్రాంతంలో ఈ కొండల మీదనే చూసి హైమెండార్ఫ్ అనే పండితుడు వ్రాసిన గ్రంథం 1943లో వెలువడింది. వేట వారికి వినోదం కాదు, పూటకూడు. నేను ఎంత సేపు దర్సు చెప్పినా ఆ ఒక్క ప్రశ్నంత పదునుగా ఆ కుర్రవాడికి తాకేది కాదు.

మగ్రిబ్ దాటగానే చలి నేల నుంచి పైకి వచ్చింది. గొంగళ్లు కప్పుకుని నెగడు చుట్టూ కూర్చున్నాము. కొత్త చోట దిగినప్పుడు, అల్లాహ్ సంపూర్ణ వాక్కుల ఆశ్రయంతో సృష్టిలోని కీడు నుంచి రక్షణ కోరే దుఆను అందరం పఠించాము. అది చదివినవాడికి అక్కడి నుంచి కదిలేవరకు ఏదీ హాని చేయదని హజ్రత్ ఖౌలా బిన్తె హకీం (రజి) ఉల్లేఖనం. అప్పుడు పిల్లలకు ఒక ఉత్తరం సంగతి చెప్పాను. పంజాగుట్టలో పుట్టి పెరిగిన మా పాత విద్యార్థి ఒకడు అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ శీతాకాలం ముంగిట ఎల్క్ వేటకు ప్రభుత్వమే అనుమతి ఇస్తుంది. లైసెన్సు తీసుకోవాలి, తమకు కేటాయించిన రోజులలోనే వేటాడాలి, దూరానికి కనిపించేలా ముదురు నారింజ లేదా గులాబీ రంగు దుస్తులు ధరించాలి, తినదగిన మాంసాన్ని అడవిలో వదిలివేయరాదు. మంచు కురిసే కొండల్లో గుడారం వేసుకుని రాత్రులు గడపాలి. అతడు రెండు ప్రశ్నలు అడిగాడు.

మొదటిది: నీరు గడ్డకట్టే చలిలో తయమ్ముమ్ చేయవచ్చా? దీనికి జాతుస్సలాసిల్ దండయాత్రలో హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ఉదంతమే ఆధారం. గడ్డకట్టించే చలి రాత్రి ఆయనకు స్నానం విధి అయింది. స్నానం చేస్తే ప్రాణం పోతుందని భయపడి తయమ్ముమ్ చేసి నమాజు చేయించారు. ఆ తరువాత దైవప్రవక్త (స) అడిగితే, మిమ్మల్ని మీరు చంపుకోకండి అన్న అన్నిసా సూరా ఆజ్ఞను గుర్తు చేసుకున్నానన్నారు. ప్రవక్త (స) చిరునవ్వు నవ్వారు, తప్పు పట్టలేదు. ప్రాణానికో ఆరోగ్యానికో నిజమైన ముప్పు ఉండి, నీరు వేడి చేసుకునే వీలు కూడా లేనప్పుడే ఈ వెసులుబాటు. కేవలం చలిగా ఉన్నదని బద్ధకించే వారికి కాదు. చలిలో కష్టమనిపించినా వుజూను పరిపూర్ణంగా చేయడం పాపాలను తుడిచి స్థానాన్ని పెంచే పని అని హదీసు. వుజూ చేసి తొడిగిన తోలు మేజోళ్ల మీద మసహ్ చేసే అనుమతి కూడా ఉన్నది. స్థానికునికి ఒక పగలు రాత్రి, ముసాఫిర్‌కు మూడు పగళ్లు రాత్రులు.

రెండవది: సాయంత్రం గాయపడిన ఎల్క్ చీకటిలో తప్పించుకుని మరునాడు చచ్చి కనిపిస్తే తినవచ్చా? హజ్రత్ అదీ (రజి) అడిగిన ప్రశ్న దాదాపు ఇదే. ఒకటి రెండు రోజుల తరువాత దొరికినా, దాని మీద నీ బాణపు గుర్తు తప్ప వేరేది లేకపోతే తినవచ్చు, నీటిలో పడి ఉంటే తినరాదు అన్నది జవాబు. వెదకడం మానుకోకుండా ఉండాలని హనఫీ పండితులు షరతు పెట్టారు. అయితే ఆ నియమం మొనతో గాయపరిచే బాణానికి. తుపాకీ గుండు దెబ్బకే చచ్చిన జంతువును మన ప్రాంతపు హనఫీ ఉలమాలలో అధికులు హలాల్ అనలేదు, ప్రాణం ఉండగానే జబహ్ చేయాలన్నారు. అరబ్బు దేశాల ఉలమాలలో అనేకులు బిస్మిల్లాహ్ చెప్పి కాల్చితే సమ్మతమన్నారు. నీవు అనుసరించే ఉలమా మాట మీద నిలబడు, నోరూరినప్పుడల్లా మాట మార్చుకోకు అని అతనికి వ్రాశాను.

ఈ ముచ్చట్లలో ఇషా వేళయింది. నమాజు తరువాత గార్డు వచ్చి నెగడు మీద నీళ్లు పోయించాడు. ఎండుటాకుల అడవిలో ఒక్క నిప్పురవ్వ చాలు. పడుకునేముందు ఇంట్లో నిప్పు ఆర్పమన్న ప్రవక్త (స) ఆదేశం ఇదే కదా! చలికి ఓర్వలేక బొగ్గుల కుంపటిని గదిలో పెట్టుకుందామని ఒకడు అన్నాడు. అమీర్ ఒప్పుకోలేదు, మంచి పని చేశాడు. తలుపులు మూసిన గదిలో కుంపటి నుంచి వెలువడే విషవాయువుకు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మన ఇళ్లలో బాలింతల గదులలో కుంపటి పెట్టే తల్లులు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

నడిరాత్రి దాటాక లోయలో నుంచి ఒక గట్టి అరుపు వినిపించింది. పగిలిన గంటను ఒక్కసారి కొట్టినట్టున్నది. కొంతసేపు నిశ్శబ్దం, మళ్లీ అదే. “కణుజు. పులినో చిరుతనో చూసింది” అని పెద్దాయన బయటి నుంచి మెల్లగా అన్నాడు. అపాయాన్ని చూసిన కణుజు కాలు నేలకు తాటించి అలా అరుస్తుంది. ఆ అరుపుతో తోటి కణుజులే కాక దుప్పులు, కోతులు కూడా జాగ్రత్త పడతాయి. మాలో ఎవరికీ ఆ పైన నిద్ర పట్టలేదు. ఒకరి తరువాత ఒకరు లేచి, చల్లని నీటితో వుజూ చేసి తహజ్జుద్‌కు నిలబడ్డారు. హాస్టలు గదిలో ఫజర్‌కే లేవని పిల్లలు వారు!

ఫజర్ తరువాత అటవీశాఖవారి బండిలో ఫర్హాబాద్ వైపు తీసుకువెళ్లారు. ఇక్కడ నిజాం కాలపు విడిది శిథిలాలు ఉన్నాయి. ఫరహ్ అంటే ఆనందం. ఏ ఆనందం కోసం అప్పటివారు ఇంత దూరం వచ్చారో ఊహించవచ్చు. పొగమంచు ఇంకా విడలేదు. ఒక మలుపు దగ్గర డ్రైవరు బండి ఆపి ఇంజను కట్టేశాడు. దారి పక్కన, పదిహేను అడుగుల దూరంలో మగ కణుజు నిలబడి ఉన్నది. మెడ మీది జూలు తడిసి ఉన్నది, ముక్కుల నుంచి ఆవిరి వస్తున్నది. అది మమ్మల్ని చూసింది, పారిపోలేదు. బండిలో ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి అది తల తిప్పుకుని పొదల్లోకి నడిచిపోయింది.

అప్పుడు నేను వారికి అల్ మాయిదా సూరాలోని 94వ ఆయత్ భావం చెప్పాను. చేతులకు, ఈటెలకు అందేంత దగ్గరగా వేటను తెచ్చి అల్లాహ్ విశ్వాసులను పరీక్షిస్తానని అందులో తెలియజేశాడు. చూడకుండానే తనకు భయపడేవారెవరో తేటతెల్లం కావాలన్నదే ఆ పరీక్ష ఉద్దేశం. ఇది హుదైబియా ప్రయాణంలో అవతరించిందని వ్యాఖ్యాతలు చెబుతారు. సహాబీలు ఇహ్రాంలో ఉన్నారు. వేట వారికి ఆ వేళ నిషిద్ధం. మృగాలు, పక్షులు వారి గుడారాల మధ్యకే వచ్చేవి. అరబ్బులు వేటలో ఆరితేరినవారు, ప్రయాణంలో ఆహారం అంతంతమాత్రం. అయినా చేయి చాపలేదు. మామూలు రోజుల్లో హలాల్ అయిన దానినే, వద్దన్నప్పుడు వదిలివేయడంలో విశ్వాసం బయటపడింది.

అదే విధంగా మదీనా పట్టణపు రెండు లావా నేలల మధ్య భూమిని దైవప్రవక్త (స) హరమ్‌గా ప్రకటించి, అక్కడ వేటను, చెట్లు నరకడాన్ని నిషేధించారు. అక్కడ జింకలు మేస్తూ కనిపించినా వాటిని బెదరగొట్టనని హజ్రత్ అబూ హురైరా (రజి) అనేవారు. నఖీ అనే పచ్చిక భూమిని ముస్లిముల గుర్రాల కొరకు ప్రవక్త (స) ప్రత్యేకించారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో అలాంటి ‘హిమా’ భూములు మరికొన్ని ఏర్పడ్డాయి. హరమ్ పవిత్రత వేరు, సందేహం లేదు. కానీ ప్రజల మేలు కోరి కొంత భూమిని రక్షించి ఉంచడం మన ధర్మానికి కొత్త కాదని దీనివల్ల తెలుస్తుంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. వేటాడటమే కాదు, ఆ మాంసాన్ని కొనడం, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. జైలు శిక్ష పడుతుంది. రాలిపడిన కొమ్మును కూడా మా పిల్లలను ముట్టనివ్వలేదు. ఇక్కడ కొందరు, “జంతువు హలాల్, జబహ్ సక్రమం, చట్టం సంగతి మనకెందుకు?” అంటారు. జంతువు జాతి హలాల్ అన్నది నిజమే. దానిని తినమని షరీఅత్ ఎవరినీ బలవంతం చేయలేదన్నదీ నిజమే. తినకపోతే ఏ ఫర్జ్ తప్పిపోదు. ప్రజల మేలు కోసం పాలకులు అనుమతించబడిన ఒక పనిని ఆపినప్పుడు దానిని మన్నించడం ఒప్పందాన్ని నిలబెట్టుకోవడమే. పైగా ఆ మాంసం మన ఇంటికి చేరే దారిలో దొంగతనం, లంచం, అబద్ధం వరుసగా ఉంటాయి. ఓర్వలేని ఆపదకు తనను తాను గురి చేసుకుని విశ్వాసి అవమానం పాలు కారాదని హదీసు ఉన్నది. ఒక రాత్రి సరదాకు పట్టుబడిన కొడుకు కోసం తల్లి కోర్టు మెట్లెక్కడం కంటే పెద్ద అవమానం ఏమున్నది? ఆ కుటుంబం పేరుతో పాటు మొత్తం సమాజం పేరు వార్తల్లోకి ఎక్కుతుంది.

కాబట్టి సోదర సోదరీమణులారా, అడవి మాంసం అంటూ తలుపు తట్టినవారిని మర్యాదగా తిప్పి పంపండి. వంటింటి గౌరవం కాపాడవలసిన వారు మన ఇంటి స్త్రీలే, వారి ఒక్క “వద్దు” చాలు. పిల్లలకు అడవి మీద ఆశ ఉంటే దానిని అణచకండి. అనుమతి ఉన్నచోటికి పెద్దలే తీసుకువెళ్లండి. చలిలో వుజూ, ప్రయాణపు నమాజు, అమీర్ మాటకు కట్టుబడటం, నిప్పు ఆర్పి పడుకోవడం ఇవన్నీ పుస్తకంలో చదివితే మరిచిపోతారు, ఒక్క రాత్రి ఆచరిస్తే మరవరు. ఆ షికారుకు వెళ్లాలనుకున్న కుర్రవాడు తరువాత ఆ బృందంతో వెళ్లలేదు. వచ్చే శీతాకాలానికి తన తమ్ముళ్లను కూడా నల్లమలకు తీసుకువెళ్లాలని డబ్బు కూడబెడుతున్నాడు.